పెట్టెలో దాగిన ఫిడేలు

సినిమా పత్రికలో బాఖ్ గారికేం పని అని అడక్కండి. ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బంలో ఒక రచనకి ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ అనే పేరు పెట్టారు. మా ఇంటికీ వచ్చాడు బాఖ్. విజయనగరంలో, మా మావయ్య గదిలోకి!

మావయ్య ఫిడేలు మనిషి. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడు గారిని ఫిడేలు ఆచార్యులుగా కూర్చోబెట్టిన ఊరాయె! నాకేమో చిన్నప్పట్నించీ హార్మోనియం పిచ్చి. “స్వరం కదలని పెట్టెరా అది, గమకం పలకదు” అని నాచేత మూయించేశాడు. పైగా సాక్ష్యం కూడా – ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా సడలించలేదని! పదేళ్లు దాన్ని ముట్టుకోలేదు నేను.

మొన్న సంక్రాంతికి వెళ్లి, పేరు చెప్పకుండా బాఖ్ డి మైనర్ కాన్చెర్టో వినిపించాను. 1738 ప్రాంతంలో రాసింది. ముందు హార్ప్సికార్డ్, చుట్టూ ఫిడేళ్ల బృందం. హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే లోపల చిన్న ములుకు తీగను మీటుతుంది, అంతే. పలికిన స్వరాన్ని పెంచలేరు, వంచలేరు. అందుకే బాఖ్ దాన్ని పరుగెత్తించాడు. మొదట అందరూ కలిసి ఒకే వరస ఉరుముతారు. తరవాత ఒక స్వరం వదలకుండా మోగుతుంటే, దాని పక్కన మిగతావి ఎగిరి దూకుతాయి. మన కీరవాణికి దగ్గర చుట్టం! రెండో భాగం నెమ్మది. కింద మంద్రంలో ఒక వరస మళ్లీ మళ్లీ నడుస్తుంటే, పైన మీటలు ఆరిపోయే స్వరాన్ని అలంకారాలతో బతికిస్తుంటాయి. మూడోది మళ్లీ పరుగే.

మావయ్య కళ్లు మూసుకున్నాడు. ఎడంచేతి వేళ్లు తొడమీద కదులుతున్నాయి.

“ఏటిరా ఇది! ఫిడేలు మీద వాయించాల్సింది పెట్టె మీద వాయిస్తన్నాడేటి?”

నాకు ఒళ్లు జలదరించింది. ఇది ముందు ఫిడేలుకి రాసిందేననీ, ఆ ప్రతి పోయి ఈ మీటల రూపమే మిగిలిందనీ చాలామంది పండితుల నమ్మకం. అదే చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఫిడేలుది పోయింది, పెట్టెదే దాన్ని దాచిందన్నమాట... నీ పెట్టె ఉందేటి ఇంకా?”

“మీ అటకమీదే ఉంది, మావయ్యా.”

“దింపు.”

రెండు మెట్లు బిగుసుకుపోయాయి. అయినా కీరవాణి వాయించాను. గమకం పలకలేదు. మావయ్య తిట్టనూ లేదు. ఫిడేలు తీసి, నాకు పలకనివి తను పలికించాడు.

మీ ఇంటి అటకమీద ఏముందో ఓసారి చూసుకోండి మరి. వచ్చేవారం కలుద్దాం!