జంపఖానా పరిచినోళ్ళం మాట్లాడతాం

నవంబరు 14 వచ్చిందంటే చాలు, మన చిన్న పట్నాల గ్రంథాలయాలకి ప్రాణం లేచొస్తుంది. గోడకి సున్నం పడుతుంది. గుమ్మానికి మామిడాకులు వేలాడతాయి. సరస్వతీదేవి పటానికి దండ, దీపానికి నూనె, ముఖ్య అతిథికి శాలువా. పిల్లలకి వ్యాసరచన, వక్తృత్వం. ఆడవాళ్ళకి ముగ్గుల పోటీ. ఒకరోజు కవి సమ్మేళనం. 20వ తారీకున బహుమతులిచ్చి, వందన సమర్పణ చేసి, జనగణమన పాడి తలుపులు దగ్గరేస్తారు. 1968 నుంచి దేశమంతా జరుపుకుంటున్న జాతీయ గ్రంథాలయ వారోత్సవాలంటే మన ఊళ్ళలో ఇదే.

మంచిదే. పుస్తకం పేరు మీద వారం రోజులు సభలు జరిగితే కాదనేదెవరు? మా ప్రశ్న వేరు. ఆ వేదిక మీద కుర్చీ ఎవరిది? ఆ మైకు ముందు గొంతు ఎవరిది? ఆ సభకి జంపఖానా పరిచి, బెంచీలు మోసి, సభ అయ్యాక టీ గ్లాసులు ఏరినవాడు ఎవడు? ఈ మూడు ప్రశ్నలకీ ఏ ఊళ్ళో అడిగినా ఒకే జవాబు ఎందుకొస్తుంది?

గ్రంథాలయం అందరిదీ అంటారు. ఊరు కూడా అందరిదేనన్నారు. చెరువు కూడా అందరిదేనన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకోడానికి అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకొని ఎందుకు నడవాల్సొచ్చింది మరి? ఆ చెరువు మునిసిపాలిటీది. అంటరానివాళ్ళకి దానిమీద హక్కుందని కాయితం మీద తీర్మానం కూడా ఉంది. కాయితం మీద హక్కు ఉన్నంత మాత్రాన దోసిట్లోకి నీళ్ళు రావు. గ్రంథాలయం సంగతి కూడా అంతే. తలుపు తెరిచే ఉంటుంది. లోపలికి నడవడానికి మాత్రం ఒక తరం పడుతుంది. వేదిక ఎక్కడానికి ఇంకెన్ని తరాలో!

వారోత్సవాల్లో ప్రతి ఉపన్యాసకుడూ గ్రంథాలయోద్యమ చరిత్ర చెబుతాడు. 1886లో విశాఖలో మొదలు పెడతాడు. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం అంటాడు. 1914లో అదే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందంటాడు. 1915లో వచ్చిన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక గురించీ, అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించీ చెబుతాడు. పెదవడ్లపూడి నుంచి కాలవ మీద పడవలో పుస్తకాలు తిరిగిన కథ చెబుతాడు. ఇదంతా నిజమే. పుస్తకాన్ని జమీందారు దివాణంలోంచి, పండితుడి పెట్టెలోంచి వీధిలోకి తెచ్చిన పని అది. దాన్ని మేం తక్కువ చెయ్యం.

కానీ ఆ చరిత్ర 1914 దగ్గర ఆగి, ఇంకో మెట్టు ఎందుకు ఎక్కదు? అదే బెజవాడలో మూడేళ్ళ తర్వాత, 1917 నవంబరులో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములన్న పేరు మాకొద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. మా బిడ్డలకి బడి కావాలని అడిగింది. అదీ అక్షరం కోసం కట్టిన సభే కదా? 1921లో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' అని రాశాడు. అదీ తెలుగు పుస్తకమే కదా? నవంబరులో పుట్టిన ఆ సభ నవంబరు ఉత్సవాల్లో ఎందుకు కనిపించదు? జాషువాని పిలిస్తే ఒక్కడినే పిలుస్తారు. అదీ పద్యం బాగుంటుందని పిలుస్తారు గాని పద్యంలోని నిప్పు కోసం కాదు.

ఇక మా రాజాం సంగతి. మా రాజాం చరిత్ర అంటే తాండ్ర పాపారాయుడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. రాజాంలో ఉన్న పాపారాయుడు కబురు తెలిసి వెళ్ళి విజయరామరాజుని చంపాడు. మా వైపు వక్తృత్వ పోటీల్లో ఈ కథ చెప్పని పిల్లడుండడు. నేనూ చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెబుతుంటే ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గుర్రమెక్కినవాడి పేరు తెలుసు. ఆ గుర్రానికి గడ్డి కోసినవాడి పేరేటి? కోట గోడకి మట్టి మోసిన ఆడదాని పేరేటి? బొబ్బిలోల తరఫున చచ్చినా, విజయనగరపోల తరఫున చచ్చినా శవాన్ని ఈడ్చినోడు మాత్రం మా పేటోడే. అతని పేరు ఏ బీరువాలో ఉంది?

మా ఊరు రాజాంకి దగ్గర. అప్పుడది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్లో రాజాంని విజయనగరం జిల్లాలో కలిపారు. జిల్లా మారింది. పేట ఎక్కడుందో అక్కడే ఉంది. మా అయ్య కంబారితనం చేశాడు. గోగు కోతల రోజుల్లో గోగుకట్టలు ఊరేసిన నీళ్ళల్లో మొలలోతు దిగి నార ఒలిచేవాడు. ఆ నీళ్ళ కంపు వారం రోజులు ఒంటిని వదిలేది కాదు. ఆ నార మిల్లుకెళ్ళి గోనె అయ్యేది. ఆ గోనె మీదే మేం బళ్ళో కూర్చున్నాం. సతారాలో చిన్నప్పుడు అంబేడ్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకొని విడిగా కూర్చున్నాడని తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా గోనె కథే ఇంకో ఊళ్ళో జరిగిందనిపించింది.

ఎనభైల్లో నేను హైస్కూల్లో ఉండగా పక్క పట్నంలో గ్రంథాలయానికి నడిచి వెళ్ళేవాణ్ణి. ఆ పట్నం పేరు రాయను. పేరు మార్చినా కథ మారదు గనక. మా అయ్య అన్నాడు: "సదువుకున్నోల మేడలో మనకేటి పనిరా గుంటా?" మా అమ్మ అంది: "ఎల్లనీ. గుమ్మం కాడ నిలబడి సదివినా సదువు సదువే గదా."

నిజంగానే గుమ్మం కాడే చదివాను. పేపరు చదవొచ్చు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే డిపాజిట్టుతో పాటు ఇంటిపన్ను కట్టే పెద్దమనిషి జామీను సంతకం తెమ్మన్నారు. మా అయ్యకి ఇల్లుంది. తాటాకిల్లే గాని దానికీ పంచాయితీ పన్ను రసీదుంది. ఆ రసీదు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆ బల్ల వెనకాయన రసీదు చూశాడు, నన్ను చూశాడు. "పెద్దమనిషి అన్నాను గదా" అన్నాడు. పన్ను కట్టినోడు పెద్దమనిషి కాడట! ఎవరు పెద్దమనుషులో ఏ చట్టంలోనూ రాసిలేదు. అయినా ఊరందరికీ తెలుసు.

అదే నవంబరులో ఆ గ్రంథాలయంలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం అస్పృశ్యతా నివారణ. మా బడి నుంచి మా పేట పిల్లల్ని నలుగుర్ని పంపారు. మాట్లాడ్డానికి కాదు. బెంచీలు మొయ్యడానికి, జంపఖానా పరవడానికి. మొదటి బహుమతి వచ్చిన పిల్లడు చాలా బాగా మాట్లాడాడు. అంటరానితనం పాపమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేం కూడా కొట్టాం, గోడవార నిలబడి. అంటరానితనం గురించి అక్కడ అందరికంటే ఎక్కువ తెలిసిన నలుగురూ ఆ సాయంత్రం ఒక్క మాట మాట్లాడలేదు. మమ్మల్ని అడిగితే గదా!

ఇది నా ఒక్కడి ఏడుపని కొందరంటారు. అందుకే లెక్క చెబుతాను. మద్రాసు రాష్ట్రంలో 1948లో గ్రంథాలయ చట్టం వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థ నడిచేది దేనితో? ఇంటిపన్నుతో కలిపి పంచాయితీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసే గ్రంథాలయ సెస్సుతో. పన్ను రూపాయికి 8 పైసలు. అంటే 500 రూపాయల ఇంటిపన్ను కట్టే రేకులింటివాడు ఏటా 40 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నాడు. పేటలో వంద ఇళ్ళుంటే 4,000. అక్షరం రాని ముసిలమ్మ కూడా ఇస్తోంది. వసూలు చేసిన సెస్సుని స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యకుండా బకాయి పెడుతున్నాయన్న గోల ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. మా దగ్గర మాత్రం బకాయి లేకుండా వసూలవుతోంది. కాబట్టి బాబూ, మేం దానం అడగడం లేదు. మా అయ్య కట్టిన పన్నులోంచే ఆ బీరువాకి తాళం కొన్నారు. తాళంచెవి మీద మాకూ వాటా ఉంది.

ఏప్రిల్ 14న గ్రంథాలయం హాల్లో అంబేడ్కర్ జయంతి సభ పెట్టుకుంటామని అడిగి చూడండి. మేం అడిగాం, ఒక ఊళ్ళో కాదు. "ఇక్కడ కులాలూ రాజకీయాలూ వద్దండీ" అన్నారు. ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగితే అది సంస్కృతి. సరస్వతీ పూజ జరిగితే అది సంప్రదాయం. అంబేడ్కర్ పటం పెడితే మాత్రం కులం! చదువుకోడానికి 1913లో కొలంబియా దాకా వెళ్ళినవాడు, బొంబాయి దాదర్లో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాలకే ఎక్కువ చోటు పెట్టినవాడు గ్రంథాలయానికి పరాయివాడెలా అయ్యాడు? ఈ దేశంలో గ్రంథాలయానికి ఒక మనిషి పటమే పెట్టాలంటే అంతకంటే తగినవాణ్ణి చూపించండి. మేం వింటాం.

ఇంకో మాట కూడా అంటారు, మెత్తగా, నవ్వుతూ. "మీ పేటలో అంబేడ్కర్ భవనం ఉంది గదా, అక్కడ పెట్టుకోండి." ఇది విడిగ్లాసు మాట. "మీకు వేరే బావి తవ్విస్తాం" అన్న పాత మాటకే ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగారు. మా భవనం మాకుంటుంది. అక్కడ మేం చదువుకుంటాం, పాడుకుంటాం. ఊరి గ్రంథాలయం ఊరిది. ఊళ్ళో మేమున్నామా లేదా అన్నదే తేలాలి.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి దగ్గర వచ్చిన తగువది. ఆ ఊరు మా రాజాం నియోజకవర్గంలోదే. కారంచేడు 1985, చుండూరు 1991 అని లెక్కపెట్టుకుంటూ వచ్చిన మాకు లక్ష్మీపేట ఇంటి గుమ్మంలోనే వచ్చి పడింది. ఆ నవంబరులో మా వైపు నేను విన్న వారోత్సవ ఉపన్యాసాల్లో ఆ ఊరి పేరు ఒక్కసారి కూడా రాలేదు. పుస్తకం నేస్తమన్నారు, పుస్తకం దీపమన్నారు. కూతవేటు దూరంలో ఆరిన ఐదు దీపాల గురించి మాట్లాడని సభ ఏ వెలుగు గురించి మాట్లాడుతున్నట్టు?

రాజాం అసెంబ్లీ సీటు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. ఎమ్మెల్యే కుర్చీకి రిజర్వేషన్ ఉంది. సాహిత్య సభలో కుర్చీకి లేదు. సీటు దొరికినంతలో మైకు దొరకదని మా పిల్లలకి బాగా అర్థమయింది.

"ఇప్పుడు లైబ్రరీకి ఎవడొస్తున్నాడండీ, అందరి చేతిలో ఫోనుంది" అని పెదవి విరిచేవాళ్ళని ఒకసారి పొద్దుటే వెళ్ళి చూడమనండి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబులు ఉద్యోగానికి చదివే పిల్లలు బల్లల చుట్టూ ఉంటారు. నీళ్ళ సీసా, తమ పుస్తకం తామే తెచ్చుకొని కూర్చుంటారు. వాళ్ళలో మా పేటల పిల్లలున్నారు, బీసీ పిల్లలున్నారు, ఇంట్లో చదువుకోడానికి ఒక మూల కూడా లేని ఆడపిల్లలున్నారు. గ్రంథాలయాన్ని బతికిస్తున్నది వాళ్ళు. వారోత్సవాలొస్తే వాళ్ళని లేపి ఆ బల్లలు బయటేసి సభ పెడతారు. చదివేవాణ్ణి లేపి చదువు గురించి ఉపన్యాసమా?

మరేం కావాలి అంటారా? చెబుతాం. కూలికెళ్ళి వచ్చినోడు స్నానం చేసి వచ్చేసరికి తలుపు తీసుండాలి. రాత్రి తొమ్మిది దాకా దీపం వెలగాలి. పుస్తకం ఇవ్వడానికి పెద్దమనిషి జామీను అడక్కూడదు. తెలుగులో వచ్చిన అంబేడ్కర్ సంపుటాలు బీరువా అడుగున కాదు, బల్ల మీద ఉండాలి. జనవరి 3న సావిత్రిబాయి ఫూలే, ఏప్రిల్ 14న అంబేడ్కర్, సెప్టెంబరు 28న జాషువా కార్యక్రమాలు గ్రంథాలయం సొంత ఖర్చుతో, సొంత హాల్లో జరగాలి. కార్యక్రమాల కమిటీలో పేట మనిషి ఉండాలి, జంపఖానా పరవడానికి కాదు, ఎవర్ని పిలవాలో చెప్పడానికి.

ఇంకోటి. కాళీపట్నం రామారావు మాస్టారు తన సాహిత్య అకాడెమీ బహుమతి డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథ ఎక్కడున్నా తెచ్చి దాచారు. ఆయన 'యజ్ఞం' కథ మా మాల రైతు అప్పు మీద రాసిందే. మా గురించి రాసినోళ్ళకి దండం. ఆ పని ఒక మనిషి చెయ్యగలిగితే, సెస్సు వసూలు చేసే సంస్థ మా ముసిలోళ్ళు చెప్పే కథల్ని ఎందుకు దాచలేదు? నాట్లేసేటప్పుడు పాడిన పాట, పళ్ళగంప నెత్తినెట్టుకొని వీధులు తిరిగిన రెల్లి అవ్వ చెప్పే ఊరి చరిత్ర, నార ఒలిచినోడి ఒంటికి పట్టిన కంపు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ అవ్వని నెలకోసారి ఆ వేదిక మీద కూర్చోబెట్టండి. దీపం వెలిగించమని కాదు. మాట్లాడమని. ఆమె మాట్లాడుతుంటే మా పిల్లలు రాస్తారు. అదే ఆ ఊరికి కొత్త పుస్తకం.

విద్యార్థి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ నవంబరు వచ్చేదాకా కూచోకండి. రేపే మీ ఊరి గ్రంథాలయానికెళ్ళండి. సభ్యత్వం అడగండి. ఇంటిపన్ను రసీదు చూపించండి. మీ పంచాయితీ ఎంత సెస్సు వసూలు చేసిందో, ఎంత జమ చేసిందో సమాచార హక్కు కింద కాయితం పెట్టండి. వక్తృత్వ పోటీకి పేరివ్వండి. అంటరానితనం మీదే ఇస్తే మరీ మంచిది. మాట్లాడ్డం అయ్యాక ఆ జంపఖానా చుట్టడానికి ముఖ్య అతిథిని కూడా ఒక చివర పట్టుకోమనండి.