గోడ పట్టుకున్నవాళ్లకు దారి

మన భిలాయిలో మంచు లేకపోయినా చక్రాల స్కేట్లు కట్టుకునే పిల్లలకు కొదవ లేదు. సాయంత్రం గచ్చు నిండిపోతే "ఇంత రద్దీలో సాధన ఎలా?" అని విసుక్కుంటారు. మంచు రింకుల్లోనూ ఇదే తంటా. అక్కడ అందరూ ఒకే వైపుగా తిరుగుతారు. గిరగిరా తిరగడం నేర్చేవాళ్లకు నడిమి చోటు వదులుతారు. రద్దీ పెరిగితే గెంతులు మాని అడుగులు దిద్దుకోవచ్చు. హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచింది చక్రాల మీదే.

బదిలీల మీద తిరిగే మనకోసం ఏ బడిలోనూ చోటు ఖాళీగా ఉండదు. మేమూ ప్రతి కొత్త ఊళ్లో గోడ పట్టుకుని నిలబడ్డవాళ్లమే. అందుకే మా మాట ఒక్కటే: బాగా వచ్చినవాళ్లే ముందు పక్కకు జరగాలి, కొత్తవాళ్లకు చెయ్యి అందించాలి. వచ్చే ఏడు గోడ పట్టుకునేది మనమే కావచ్చు.