పొయ్యిలో కాలు పెట్టిన దెయ్యం: తెలుగు విమర్శ దాటవేసిన ఒక ప్రశ్న

బి. విఠలాచార్య 1978లో తీసిన 'జగన్మోహిని'లోని ఒక దృశ్యాన్ని తెలుగు ప్రేక్షకులు నేటికీ మరువలేదు. ఇల్లాలి రూపంలో ఇంట్లో చేరిన మోహిని కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. నాలుగున్నర దశాబ్దాలుగా ఈ దృశ్యం ప్రధానంగా నవ్వుకోవడానికే పనికివస్తున్నది. పాత దెయ్యం సినిమాలను సమీక్షించేవారు చవకబారు కల్పనకు ఉదాహరణగా దీన్ని చూపి ముందుకు సాగిపోతారు.

లాల్ బిహారీ డే 1883లో ప్రచురించిన బెంగాలీ జానపద కథల సంపుటిలో దెయ్యం భార్య కథ ఒకటి ఉన్నది. అసలు కోడలిని చెట్టు తొర్రలో బంధించి దెయ్యం ఆమె రూపంలో ఇంట్లో ప్రవేశిస్తుంది. అంతవరకు నీరసంగా ఉండి పనికి ఎక్కువ సమయం తీసుకునే కోడలు హఠాత్తుగా చురుకుగా మారడం అత్తకు ఆశ్చర్యం కలిగిస్తుంది. దూరాన ఉన్న వస్తువును కోడలు చేయి సాచి అందుకోవడం ఒకనాడు చూస్తుంది. మరొకనాడు కట్టెలకు బదులు పాదాన్ని పొయ్యిలోకి దూర్చి వంట చేయడం చూసి గుట్టు గ్రహిస్తుంది. ఆ పుస్తకం చదివి విఠలాచార్య సినిమా తీశారని దీని అర్థం కాదు. దేశంలో విస్తృతంగా సంచరించిన ఒక కథాంశం బెంగాల్‌లో అచ్చులోకి, మద్రాసులో తెరపైకి వచ్చిందని మాత్రమే దీని అర్థం. అలుపెరగక పనిచేసే కోడలు మనిషై ఉండదన్న అనుమానం, తన శరీరాన్నే ఇంధనం చేసుకుంటే తప్ప ఆ ఇంటి పని సాగదన్న గ్రహింపు ఈ కథాంశంలో కలిసి ఉన్నాయి. భారతీయ గృహజీవితంపై ఇంతకన్నా కఠినమైన వ్యాఖ్యను వెతకడం కష్టం.

ఇదే కథను పత్తికొండ వైపో జమ్మలమడుగు వైపో ఒక వృద్ధురాలు చెప్పి ఉంటే తెలుగు శాఖల పరిశోధకులు ఏం చేసేవారు? రికార్డు చేసేవారు, పాఠాంతరాలు సేకరించేవారు, స్టిత్ థాంప్సన్ కథాంశ సూచికలో దాని సంఖ్యను వెతికేవారు, సదస్సులో పత్రం సమర్పించేవారు. తక్కువ ఖర్చుతో తీసిన సినిమాలో కనిపించేసరికి అది పరిశోధనాంశం కాకుండా పోయింది. చెప్పేవారి పేదరికాన్ని ప్రామాణికతకు గుర్తుగా, తీసేవారి పేదరికాన్ని అయోగ్యతకు గుర్తుగా లెక్కించే ఈ ద్వంద్వ ప్రమాణానికి జానపద విజ్ఞానంలో ఆధారం లేదు. అది అభిరుచికి సంబంధించిన వర్గ భేదం మాత్రమే.

పేదరికమనే అభియోగం

విఠలాచార్య (1920-1999) గురించి పదే పదే వినిపించే చమత్కారం ఒకటి ఉంది. నటులు కాల్షీట్ల విషయంలో ఇబ్బంది పెడితే ఆయన ఆ పాత్రను శాపంతో చిలకగానో మేకగానో మార్చి షూటింగు పూర్తిచేసేవారట. ఇది నిజమో కాదో అటుంచితే, ఆయనపై జరిగే చర్చ చాలాసార్లు ఈ చమత్కారం దగ్గరే ఆగిపోవడం గమనార్హం. రూపపరివర్తన ఆ కథల్లో ఎందుకు అతకలేదనిపించదు, ప్రేక్షకుడు దానిని ఎందుకు అంత సులభంగా అంగీకరించాడు అన్న ప్రశ్న వేసినవారు అరుదు.

జవాబుకు దూరం వెళ్లనక్కరలేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం'ను నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. అందులో కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది, మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. అసలు రంభ ఎదురుపడినప్పుడు ఎవరు నిజం, ఎవరు మాయ అన్న వివాదం రేగుతుంది. ఒక సిద్ధుడు కన్యను అమ్మవారి గుడిలో బలి ఇవ్వబూనుతాడు. విడివిడిగా కనిపించిన సంఘటనల మధ్య ముడి చాలా ఆలస్యంగా, అదీ ఒక శిశువు నోట విడిపోతుంది. మారువేషం, బలిపీఠం, దాచిపెట్టిన పూర్వకథ, చివరన విడిపోయే చిక్కు ఇవన్నీ కర్నూలు సీమకు సినిమాతో వచ్చినవి కావు. సూరన కావ్యానికీ విఠలాచార్య చిత్రానికీ విలువలో సమానత ఉన్నదని ఇక్కడ ఎవరూ వాదించనక్కరలేదు. ఒకదానిలో కథాసంవిధాన చాతుర్యంగా పాఠం చెప్పే లక్షణాన్నే మరొకదానిలో అజ్ఞానంగా కొట్టిపారేయడం సాహిత్య విమర్శ కాదన్నదే వాదం.

ఖర్చు తగ్గించడం కూడా ఒక రచనా నియమమే. కెమెరా ఆపి మనిషిని తప్పించి మళ్లీ తిప్పితే మాయమవడం సాధ్యమైంది. ఒకే ఫిలింపై రెండుసార్లు చిత్రీకరిస్తే దెయ్యం గోడలోంచి నడిచింది. పొగ, తీగకు వేలాడే అస్థిపంజరం, ఒకే సెట్టుకు మార్చి మార్చి వేసిన తెరలు మిగతా పని చేశాయి. తీగ కనిపించిందని ఎత్తిచూపడం సులభం. తీగ కనిపిస్తున్నా ప్రేక్షకుడు ఎందుకు భయపడ్డాడో వివరించడం కష్టం. తోలుబొమ్మలాటలో పుల్లలు కనిపిస్తాయని ఆ కళను తప్పుపట్టిన విమర్శకుడు లేడు. సమీక్షకుడి పని ఈ రెండో ప్రశ్న దగ్గర మొదలవుతుంది.

భయం ఎవరి మీద పడుతుంది?

ఈ సినిమాలపై గంభీరమైన అభ్యంతరం మరొకటి ఉంది. అవి మూఢనమ్మకాలను పెంచుతాయన్నది ఆ అభ్యంతరం. దీనిని తేలికగా తీసుకోరాదు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను, ముఖ్యంగా దిక్కులేని స్త్రీలను, హింసించి చంపిన ఘటనలు తెలుగు నేలపై జరిగాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలపై రంగనాయకమ్మ ''తులసిదళం' కాదు, 'గంజాయి దమ్ము'' అన్న విమర్శ గ్రంథమే రాశారు. ఆమె నిర్ణయంతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా నవలను దగ్గరగా చదివి వాదించిన విమర్శ అది. దాని తరువాయి నవల 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. నవలకు దక్కిన తీవ్రమైన పరిశీలనలో పదోవంతయినా సినిమాకు దక్కలేదు. చదవడం రానివారి దగ్గరకు సైతం చేరే మాధ్యమం సినిమాయే కనుక ఈ మౌనం మరింత విడ్డూరం.

నవ్వి వదిలేసే సమీక్ష ఈ అభ్యంతరానికి సమాధానం చెప్పలేదు. దాని దృష్టిలో దెయ్యం సినిమాలన్నీ ఒక్కటే. నిజానికి అవి ఒక్కటి కావు. హిందీ 'వో కౌన్ థీ' (1964) ఆధారంగా తెలుగులో 'ఆమె ఎవరు' (1966) వచ్చింది. ఆ కథలో దెయ్యంలా తిరిగే స్త్రీ వెనుక ఉన్నది అతీత శక్తి కాదు, ఆస్తి కోసం బంధువు పన్నిన కుట్ర. వంశీ 'అన్వేషణ' (1985)కు రాయలసీమ అడవి తలకోన నేపథ్యం. అందులో పులికి అంటగట్టిన మరణాల వెనుక మనిషి చేయి బయటపడుతుంది. ఇవి భయాన్ని పుట్టించి, దాన్ని విప్పి, దోషిని ఇంటి మనుషుల్లో చూపిస్తాయి. 'జగన్మోహిని'లో మోసపోయి మరణించిన స్త్రీ దెయ్యమై తిరిగివస్తుంది. ఆమె ఫిర్యాదు న్యాయమైనదే అయినా భక్తురాలైన భార్య చేత, అంటే మరొక స్త్రీ చేత, కథ ఆమెను ఓడిస్తుంది. మోసం చేసిన పురుషుడి చుట్టూ ఇద్దరు స్త్రీలను ఎదురెదురుగా నిలిపి, అందులో ఒకరి దేహాన్ని ప్రదర్శనకు పెట్టిన ఆ సినిమాను నిందించవలసిందే. అయితే ఆ నింద తీగలు కనిపించినందుకు కాదు, ఈ తీర్పు చెప్పినందుకు. మూడో రకం సినిమాలు ఊరి అంచున బతికే మంత్రగాడినో, ఒంటరి ముసలిదాన్నో సకల అనర్థాలకూ మూలంగా చూపిస్తాయి. వీటిలో అత్యంత ప్రమాదకరమైనవి అవే. కట్టుబట్టలతో కొట్టి తరిమే గుంపుకు అవి ముందుగానే సాక్ష్యం సమకూర్చి పెడతాయి.

భయం ఎక్కడ పుట్టింది, ఎవరు శిక్ష అనుభవించారు, చివరికి అది ఎలా తొలగింది అన్నవి ప్రతి సమీక్షా వేయవలసిన ప్రశ్నలు. అవి వేయకుండా ఈ మూడు రకాలనూ వేరుచేయడం అసాధ్యం. హేతువాదం పేరిట చూడకుండానే తిరస్కరించే విమర్శ, విచిత్రంగా, హేతువాద చిత్రాన్నీ మూఢ చిత్రాన్నీ ఒకే కుప్పలో వేస్తున్నది.

జ్ఞాపకం విమర్శ కాదు

ఎగతాళికి ఎదురుగా ఇటీవల మరొక ధోరణి పెరిగింది. టెంటు హాలు, నేల టికెట్టు, రీలు మార్చేటప్పటి ఈలలు, భయంతో కళ్లు మూసుకున్న బాల్యం - ఇలా సాగే స్మృతి రచనలు సినిమాను మెచ్చుకుంటున్నట్టు కనిపిస్తాయి. వాస్తవంలో అవి మెచ్చుకునేది సొంత బాల్యాన్ని. ఎగతాళి సినిమాను కిందికి నెడితే జ్ఞాపకం దాన్ని అద్దాల పెట్టెలో పెడుతుంది. రెండింటిలోనూ సినిమాను చూసేవారు లేరు.

ఈ జ్ఞాపకాల్లో రాయలసీమ ప్రేక్షకుడు అమాయకుడిగానే కనిపిస్తాడు. సినిమా వ్యాపారం అతనికి పెట్టిన పేరును గమనిస్తే దీని మూలం తెలుస్తుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేయడంతో దత్తమండలాలు అన్న మాట పుట్టింది. 1928లో నంద్యాల సభల్లో ఆ పేరును కాదని రాయలసీమ అన్న పేరును స్వీకరించారు. సినిమా పంపిణీదారుల లెక్కల పుస్తకాల్లో మాత్రం ఈనాటికీ ఇది 'సీడెడ్'. ప్రజలు వదిలించుకున్న పేరును వసూళ్ల పట్టిక వదలలేదు. 'బి, సి సెంటర్లలో ఆడే సినిమా' అన్న వర్గీకరణ ఆ పట్టిక నుంచే విమర్శలోకి వచ్చింది. ఒక సినిమా ఎక్కడ డబ్బు చేసుకుందన్నది వ్యాపార సమాచారం. దానిని ప్రేక్షకుడి బుద్ధికి కొలమానంగా వాడడం వ్యాపారి చేసినా తప్పే, ఆచార్యుడు చేస్తే మరింత తప్పు. సూరన కావ్యం విన్న సీమ, తోలుబొమ్మలాటలు చూసిన సీమ మాయను మాయగా ఎరిగే చూసింది.

బనగానపల్లె బంగ్లా

ఇవన్నీ పాత సినిమాలకే పరిమితమైన సంగతులని భావించేవారికి బనగానపల్లె సమాధానం చెబుతుంది. 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అరుంధతి' భారీ వ్యయంతో తీసిన చిత్రం. చవక సినిమాల్లోని సమాధి, మాంత్రికుడు, పగబట్టిన ఆత్మ అందులోనూ ఉన్నాయి. డబ్బు, గ్రాఫిక్స్ తోడయ్యేసరికి వాటికి గౌరవమూ దక్కింది. ఈ తేడాను విమర్శ వివరించవలసి ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. కథ గద్వాలలో జరిగినట్టు చెప్పిన ఆ సినిమా కోసం బనగానపల్లె నవాబుల బంగ్లాను చిత్రీకరించారు. యాగంటికి వెళ్లే యాత్రికులు ఇప్పుడు ఆ భవనాన్ని అరుంధతి కోటగా చూసి వెళుతున్నారు.

బనగానపల్లె చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ ఉండగా 1948 వరకు ప్రత్యేక సంస్థానంగా నిలిచిన చిన్న రాజ్యం. ఆ పాలన, ఆ బంగ్లా కట్టిన చేతులు, దాని చుట్టూ బతికిన ఊరు ఇప్పుడు ఒక కల్పిత ప్రేతం పేరు కింద మరుగున పడ్డాయి. భయం సినిమా ఊహను మాత్రమే తాకదు, స్థలాల పేర్లను మారుస్తుంది, చరిత్రను కప్పుతుంది. అంత శక్తి ఉన్న కథనరూపం పరిశీలనకు తగదని చెప్పడానికి విశ్వవిద్యాలయాలకు ఏ కారణం మిగిలింది?

సేకరణ ముందు, తీర్పు తర్వాత

ఈ పనికి కడపలోనే ఒక పూర్వాదర్శం ఉన్నది. సి.పి. బ్రౌన్ 1820లో కడప చేరాడు. పండితులు చాలాకాలం కవిగా లెక్కపెట్టని వేమన పద్యాలను సేకరించి, ప్రతులను పోల్చి, 1829లో అచ్చువేశాడు. ముందు ప్రతులు, తరువాత పరిష్కరణ, ఆ తరువాతే అభిప్రాయం అన్నది అతని క్రమం. చవక సినిమా విషయంలో తెలుగు శాఖలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. అభిప్రాయం ముందే స్థిరపడింది, ప్రతులు ఎవరికీ అక్కరలేకపోయాయి.

ఆ ప్రతులు ఇప్పుడు నశిస్తున్నాయి. సినిమా హాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలు అందుకు ఒక ఉదాహరణ. అవి కథాసంగ్రహాన్ని సగంలో ఆపి మిగిలినది వెండితెరపై చూడమని చెప్పేవి. రహస్య కథను ఎక్కడ ఆపారన్నది చూస్తే నిర్మాత దేనిని రహస్యంగా భావించాడో తెలుస్తుంది. ఆ పుస్తకాలు, కరపత్రాలు, సెన్సారు ధ్రువపత్రాల్లో నమోదైన కత్తిరింపులు, టూరింగ్ టాకీసుల్లో ప్రొజెక్టరు నడిపినవారి జ్ఞాపకాలు సేకరణకు తగిన మూలాలు. ప్రేక్షకురాళ్ల మాట మరీ ముఖ్యం. పొయ్యిలో కాలు పెట్టిన దెయ్యాన్ని చూసి కోడళ్లు నవ్వారా, ఉలిక్కిపడ్డారా అన్నది ఇంతవరకు వారిని అడిగినవారు దాదాపు లేరు. ఆ తరం స్త్రీలు ఇప్పుడు డెబ్బయి దాటుతున్నారు.

కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, బ్రౌన్ పేరు మీద నిలిచిన గ్రంథాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. క్షేత్ర పర్యటనలో అలవాటున్న జానపద పరిశోధకులు ఉన్నారు. పాఠ పరిష్కరణ తెలిసినవారూ ఉన్నారు. లోపించినది సాధనం కాదు, ఈ వస్తువు తమ గౌరవానికి తగదన్న సంకోచాన్ని విడిచే ధైర్యం. వేమన పద్యాల విషయంలో ఆ సంకోచాన్ని తొలగించడానికి కడపకు ఒక విదేశీ అధికారి రావలసి వచ్చింది. రెండోసారి ఆ అవసరం రాకూడదు.