మారు వడ్డించని విందు

పెళ్లై ముప్పై నలభై ఏళ్లు గడిచిన తల్లిదండ్రులను వారి పెళ్లిరోజు నాడో, షష్టిపూర్తి నాడో హైదరాబాదులోని అత్యంత ఖరీదైన భోజనశాలకు తీసుకువెళ్లడమే సంతానం చూపగల కృతజ్ఞతకు పరాకాష్ఠ అన్న అభిప్రాయం ఇటీవల మధ్యతరగతి కుటుంబాల్లో ఎదురు లేకుండా చెల్లుబాటవుతున్నది. "పాపం, వాళ్లు ఇలాంటివి ఎప్పుడు చూశారు, ఒక్కసారైనా చూపించాలి కదా" అన్న మాట ఈ అభిప్రాయానికి ఊతపదమైంది. ఈ మాటలో ప్రేమ ఉంటే ఉండవచ్చు గానీ, అందులోని "పాపం" అన్న పదం మాత్రం క్షమించదగినది కాదు. జీవితమంతా పప్పూ చారూ పెరుగూ ఇష్టంగా తిన్న మనిషిని ఏదో కోల్పోయిన మనిషిగా లెక్కగట్టి జాలిపడే హక్కు పిల్లలకు ఎవరిచ్చారన్నది ముందుగా తేలవలసిన విషయం.

సాదా రుచి అంటే రుచి తెలియకపోవడం కాదు. కందిపప్పును వేయించి వండారా, పచ్చిగానే వండారా అన్నది మొదటి ముద్దకే చెప్పగలిగే తండ్రికీ, అన్నం మెతుకు మెతుకుకు అంటుకున్న తీరు చూసి బియ్యం కొత్తవో పాతవో పోల్చుకోగలిగే తల్లికీ నాలుక మొద్దుబారిందని తీర్మానించడం శుద్ధ అజ్ఞానం. కొద్దిపాటి వంటకాలను ఏళ్ల తరబడి తిన్నవారికి వాటిలోని సూక్ష్మమైన తేడాలు పట్టుబడతాయి. గోంగూర పచ్చడిలో పులుపు ఆకుదా, చింతపండు కలిపి తెచ్చిందా అన్నది వారి దగ్గర దాగదు. అటువంటి వారిని తీసుకుపోయి, మంచిచెడ్డలు పోల్చి చూసే అవకాశమే లేని తిండి ముందు కూర్చోబెట్టి, "ఎలా ఉంది" అని పదే పదే అడిగితే, వారు "బాగుంది" అనక ఇంకేమంటారు?

ఈ ఖరీదైన చోట్లలో ఇప్పుడు ఎక్కువ గౌరవం పొందుతున్నది టేస్టింగ్ మెనూ, అంటే అతిథి ఏదీ కోరే పని లేకుండా వంటశాల తానే నిర్ణయించి ఏడో పదో చిన్న చిన్న వంటకాలను ఒకదాని తరవాత ఒకటిగా పంపే పద్ధతి. పూర్వం ఫ్రెంచి విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. పందొమ్మిదో శతాబ్దంలో రష్యన్ పద్ధతి అన్న పేరుతో వరుస వడ్డన అక్కడ స్థిరపడింది. 1973లో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు నూవెల్ క్విజీన్, అంటే నవీన వంట, అన్న పేరు పెట్టి ప్రచారం చేసిన ధోరణి తేలికపాటి వంటనూ పళ్లెం అలంకరణనూ పైకి తెచ్చింది. ఇక ఖరీదైన భోజనశాలల గొప్పతనానికి కొలమానంగా చెప్పే మిషెలిన్ గైడ్, 1900లో అదే పేరున్న టైర్ల కంపెనీ వాహనదారుల కోసం వేసిన దారి పుస్తకం. 1926లో అది నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మూడు నక్షత్రాలకు అర్థం అక్కడ తినడం కోసమే ప్రత్యేకంగా ప్రయాణం చేయవచ్చునని. రుచులు వెతుక్కుంటూ తిరిగే బాటసారుల కోసం పుట్టిన ఈ కొలమానాన్ని మోకాళ్ల నొప్పులతో కారు దిగే దంపతులకు అంటగట్టడంలో ఔచిత్యం ఏ కోశానా లేదు.

అసలు అన్యాయం మరొకటి ఉన్నది. వరుస వడ్డన తెలుగువారికి కొత్త కాదు; పప్పు, నెయ్యి, వేపుడు, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అన్న క్రమం ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నవారికైనా తెలుసు. అయితే ఆ క్రమంలో తినేవాడి చేతిలో రెండు అధికారాలు ఉంటాయి. ఒకటి మారు అడగడం, అంటే నచ్చినదాన్ని మళ్లీ వేయించుకోవడం. రెండోది "చాలు" అనడం. విస్తరి మీదికి వంగి, గరిటె దిగేలోపు అరచేయి అడ్డం పెట్టే ఆ చిన్న కదలికలో తినేవాడి స్వాతంత్ర్యమంతా ఉన్నది. అడ్డం పెట్టిన చేతిని తప్పించి ఇంకో ముద్దకు సరిపడా వేసేవారి ఆప్యాయతా అక్కడే ఉన్నది. టేస్టింగ్ మెనూ ఈ రెండింటినీ లాగేసుకుంటుంది. మూడో పళ్లెంలోని చిన్న వడ తండ్రికి నచ్చితే రెండోది రాదు. ఐదో పళ్లెంలోది తల్లికి గిట్టకపోతే, ఖరీదు తెలిసిన మనిషి కనుక వదిలేయలేక మింగుతుంది, లేదా భర్త పళ్లెంలోకి జరపబోయి, చుట్టూ చూసి, చేయి వెనక్కి తీసుకుంటుంది. నలభై ఏళ్లుగా ఒకరి కంచంలోది మరొకరికి మార్చుకున్న దంపతులు తమ పెళ్లిరోజు నాడే ఆ పని చేయడానికి జంకవలసి రావడం కంటే అవమానం ఏముంటుంది?

భాషలోనే ఈ తేడా స్పష్టంగా ఉన్నది. తెలుగులో అన్నం "పెడతారు"; తల్లిదండ్రులు పిల్లలకు పెట్టారు. పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులకు "చూపిస్తామంటున్నారు". చూపదలచినది భవనమైతే భవనమే చూపవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన, 2010 నుంచి తాజ్ హోటలుగా నడుస్తున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనబల్ల ఉన్నది. దాన్ని చూసి ఆశ్చర్యపడటంలో తప్పేమీ లేదు. అయితే కంటికి చేసిన విందును కడుపుకు చేసిన విందుగా చెప్పుకోవడం మోసం. పైగా ప్రతి పళ్లెం ఫోటో దిగేదాకా పెద్దవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కాచుకోవలసి వస్తున్నది.

డబ్బు సంగతి కూడా దాచిపెట్టవలసింది కాదు. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని భోజనశాలల్లో బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, బయటి మామూలు హోటళ్లలో 5 శాతమే. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటనే సమర్థించింది. ఎక్కడైనా ఆ పద్దు కనబడితే తీసేయమని నోరు తెరిచి అడగవలసిందే, అందులో నామోషీ ఏమీ లేదు. ఈ లెక్కలన్నీ పిల్లలకు పట్టకపోవచ్చు. నెలాఖరు జీతం చీటీ మీద ఇల్లు నడిపిన తండ్రి మాత్రం మెనూ కార్డును కుడివైపు నుంచి, అంటే ధరల వైపు నుంచి, చదువుతాడు. ధరలు లేని కార్డు చేతికిస్తే మరింత కంగారుపడతాడు. ఆ కంగారుతో తిన్నది ఒంటబట్టదు.

వేళ సంగతి ఎవరూ తలచుకోరు. ఏడున్నరకల్లా రాత్రి భోజనం ముగించే అలవాటున్నవారిని ఎనిమిదిన్నరకు కూర్చోబెట్టి పదకొండు దాకా లేవనివ్వరు. షుగరు మాత్రల్లో కొన్ని తిండికి ముందు వేసుకోవలసినవి. వేసుకున్న తరవాత బొటనవేలంత పళ్లెం ఒకటి వచ్చి, రెండోది ఇరవై నిమిషాలకు వస్తే ఆ మనిషి పరిస్థితి ఏమిటో ఎవరూ ఆలోచించడం లేదు.

కొత్త రుచులు అలవాటు చేసుకుంటే మనసు విశాలమవుతుందన్న వాదానికి జవాబు చెప్పడం కూడా అనవసరం. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు; అరవై ఏళ్ల నాలుకను సంస్కరించే బాధ్యత పెళ్లిరోజుకు లేదు.

ఇంతకూ ఎక్కడికి తీసుకువెళ్లాలన్న ప్రశ్నకు అందరికీ సరిపడే జవాబు లేదు. రాత్రి కాకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకు, అరిటాకు వేసే చోటు, మారు అడిగితే విసుక్కోని చోటు, చేతులు కడుక్కునే కుళాయి దగ్గరగా ఉన్న చోటు అయితే చాలావరకు సరిపోతుంది. బుట్ట భోజనానికి పేరుపడిన కాకినాడ సుబ్బయ్య హోటలు తరహా భోజనం ఇష్టమైనవారికి అదీ మంచిదే. అన్నిటికంటే ముందు ఎక్కడికి వెళదామన్నది ఆ ఇద్దరినే అడగాలి. అడిగితే వారు చెప్పే పేరు, పెళ్లైన కొత్తలో రెండో ఆట సినిమాకు ముందు కలిసి ఇడ్లీ తిన్న చిన్న హోటలుది కావచ్చు. అది ఇంకా నడుస్తుంటే అక్కడికే వెళ్లి, వారు కాఫీ వన్ బై టూ చెప్పుకుంటే చెప్పుకోనివ్వాలి.