ఉప్పెన గణితమును ఉప్పెన యొడ్డుననే నేర్పవలెను

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును నేలవ్రాలెను. తుఫాను వచ్చునను హెచ్చరిక ముందే అందినది. గాలి వెడలిన పిమ్మట వంశధార పొంగినది. భావనపాడు మొదలు కళింగపట్టణము వఱకు గల రైతు అడుగు ప్రశ్న యొక్కటియే: నా చేనిలో నీరు ఎన్ని యడుగులు నిలుచును, ఎన్ని దినములు నిలుచును? దీనికి బదులు చెప్పగల పట్టభద్రులను మన విశ్వవిద్యాలయములు ఎందఱిని తయారు చేయుచున్నవని మేమడుగుచున్నాము.

మన విద్యాలయములలో గాలి యొక శాఖవారిది, సముద్రము వేఱొక శాఖవారిది, నది యింజనీర్లది. ప్రళయమునకీ పంపకము తెలియదు. వఱదను లెక్కించు ఇంజనీరు తఱచుగా సముద్రమట్టము కదలదనుకొనును. ఉప్పెనను లెక్కించు శాస్త్రజ్ఞుడు తఱచుగా ఒడ్డును గోడ యనుకొనును. ఉప్పెన నదీముఖమును ఎగదన్నుచుండగానే వఱద దిగివచ్చెనేని ఉభయుల లెక్కలును తప్పును. 1871లో ఫ్రాన్సు దేశీయుడగు సెయింట్ వెనాంట్ ప్రకటించిన సమీకరణములు నదీప్రవాహమును గూర్చినవి. ఉప్పెన లెక్కయు ఆ జాతిదే. విద్య యొక్కటి, దానిని విడదీసినది పాఠ్యప్రణాళిక.

వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రము సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బును. అది స్వల్పము. గాలి నీటిని ఒడ్డునకు త్రోయుటయే ఘోరము. గాలివేగము రెట్టింపైన ఆ త్రోపు నాలుగింతలగును; సముద్రము లోతు తగ్గినకొలది నీరు ఎత్తుగా పేరుకొనును. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన ఉప్పెన సుమారు 5 మీటర్లు లేచి వేలాది ప్రాణములను గొనిపోయినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును చిందరవందర చేసినను, అచ్చటి మాపకమున సముద్రము పెరిగినది 1.4 మీటర్లే. విశాఖ యెదుట సముద్రము త్వరలోనే లోతగుట దీనికొక కారణము. దీనినిబట్టి ఉత్తరాంధ్ర తీరమునకు ఉప్పెన భయము లేదనువారు గలరు. మాకా ధైర్యము లేదు. భావనపాటి సమీపమున నున్నవి నౌపడ చిత్తడినేలలు, ఉప్పుకొటారులు. సముద్రపు నీటిని పాఱించుకొనుటకు వీలగు పల్లమున లేనిదే ఉప్పుమడి లేదు. అట్టి నేలపై ఒక మీటరు నీరు ఎంతదూరము ప్రాకునో విశాఖ మాపకము చెప్పజాలదు.

కావుననే శిక్షణాలయమును ఇచ్చటనే నెలకొల్పవలెనని మా వాదము. 2023 ఏప్రిలులో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. సముద్రములోనికి రాతిగట్టు వేసినచో, ఒడ్డువెంబడి నడచు ఇసుక ఒకవైపు పేరుకొని రెండవవైపు తీరము కోసుకొనిపోవును. 1933లో తెఱచిన విశాఖరేవునకు ఈ బాధ ఆదినుండియు తెలిసినదే. ఇసుకను అడ్డుటకు రెండు పాతయోడలనే ముంచవలసివచ్చినది. విద్యార్థులు నేడే తీరపు కొలతలు తీసియుంచినగదా రేపటి మార్పు తెలియును! గాలికారుకు ముందు వచ్చి, మొగ లోతును పోటుపాటులను కొలిచి, తుఫాను వెడలిన వారముననే గోడలపై నీటిమరకల ఎత్తును గుర్తించి, తమ గణితము ఎచ్చట తప్పినదో చూచుకొనవలెను. కెరటములను పుట్టించు తొట్టి, గణనయంత్రము అవసరములే; వానికి ముందు మత్స్యకారుని పడవ అవసరము.

ఆచార్యులు మనకు లేకపోలేదు. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడగు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి సముద్రశాస్త్రమునకు దోహద మొనర్చెను. హైదరాబాదునగల సముద్ర సమాచార కేంద్రము 2007 నుండి సునామీ హెచ్చరికల నిచ్చుచున్నది. 2008లో వెలసిన అంబేద్కరు విశ్వవిద్యాలయము ఎచ్చెర్లలోనే యున్నది. లేనిది వీరిని ఒక్కచోట కూర్చు ఏర్పాటు, శిక్షణ పొందినవానికి జిల్లాలోనే కొలువు. ఉప్పెనలపై 1984లో ఉద్గ్రంథము వెలువరించిన తాడేపల్లి సత్యనారాయణమూర్తిగారు కెనడాలో నుండి పనిచేసిరి. అది మనకు కీర్తియే. అయినను మన పడుచువాండ్రు మన తీరమును లెక్కించుటకు సముద్రము దాటనక్కఱలేని యేర్పాటు కావలెను.

వంశధార పుట్టినది ఒడిశాలో. నీటి పంపకమునకై 2010లో ట్రైబ్యునలు ఏర్పడి, 2017లో తీర్పు చెప్పినది. వఱదలో తనకింత వాటా కావలెనని వ్యాజ్యమాడువారెవరును లేరు; ఎగువ వానలెక్కలను గంటగంటకు దిగువకు పంపుటకు ట్రైబ్యునలుతో పనిలేదు. భువనేశ్వరపు విద్యార్థులును మనవారును హిరమండలము గొట్టా బ్యారేజివద్ద కలిసి కొలతలు తీయుటకు ఉభయ ప్రభుత్వములును రాబోవు తుఫానుల కాలమునకు ముందే యొడంబడవలెను.