మా రిపోర్టులేవీ?

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో ఏ ఇంటికైనా వెళ్లండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడైనా సరే. గోడకో మేకు, మేకుకి బట్టల షాపు సంచీ, అందులో ఫైలు. ఆస్పత్రి చీటీలుంటాయి, సీరం క్రియాటినిన్ అంకె చుట్టూ డాక్టరు గీసిన సున్నా ఉంటుంది. పరిశోధన పేరుతో గుమ్మంలోకొచ్చి నెత్తురు పట్టుకెళ్లినవాళ్ల కాగితం మాత్రం కనబడదు.

"రగతం తీసుకెల్లారు, బోరు నీల్లు సీసాల్లో పట్టుకెల్లారు. ఏటయిందో ఒక్కలూ సెప్పలేదు బాబూ" అంది జీడిపిక్కలు కొట్టే ఒక పెద్దమ్మ.

ఎవరూ అబద్ధమాడలేదట! జబ్బుకి కారణం తెలియదన్నారు, అది నిజమే. శ్రీలంకలోనూ, నికరాగువా చెరకు తోటల్లోనూ ఈ జబ్బు మూలం ఇదీ అని అందరూ ఒప్పుకున్నది లేదు. అయితే ఆ ఒక్క 'తెలియదు' చాటున తెలిసినవి కూడా మింగేస్తారా? ఆ పెద్దమ్మ బోరు నీళ్లలో ఏమేం వెతికారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు? దొరకలేదన్నదీ ఒక కబురే కదా.

సదస్సుల్లో ఒకాయన నీళ్లంటాడు, ఒకాయన ఎండదెబ్బంటాడు, ఇంకొకాయన నొప్పి మాత్రలంటాడు, పురుగుమందులంటాడు. తన వాదానికి నప్పే అంకె తెర మీద వేస్తాడు, నప్పనిది సంచీ దాటి రాదు. నన్నడిగితే అబద్ధమే నయం. ఎదురు సాక్ష్యంతో దాన్ని పట్టుకోవచ్చు. బయటపెట్టని అంకె ఉందని కూడా మాకు తెలియదే!

చెబితే జనం బెదిరిపోతారని ఒక సాకు. పెళ్లి సంబంధం తప్పిపోతుందని క్రియాటినిన్ దాచుకునే తండ్రులు మా ఊళ్లలో ఉన్నారు. అదీ తప్పే. కానీ ఆ తండ్రి దాస్తున్నది తన ఇంటి నెత్తురు సంగతి. మీరు దాస్తున్నది మాది.

పరిశోధన ఫలితాలను వీలైనంత వరకు అందులో పాల్గొన్నవారికీ ఆ సమాజానికీ తెలపాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇంగ్లీషు జర్నల్లో వ్యాసం పడ్డాక ఎన్ని ఊళ్లకు తిరిగొచ్చి చదివి వినిపించారు?

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకమూ ఆ రోజే. మంచిదే, విశాఖ కేజీహెచ్ దాకా ఈడ్చుకుపోయే బాధ కొంత తగ్గుతుంది. మరి ఇదివరకటి సీసాల సంగతి?

మేమడిగేది ఒక్క తెలుగు కాగితం. ఫలానా బోరు, ఫలానా తేదీ, ఇవి చూశాం, ఇంత వచ్చింది, ఇది ఇంకా తేలలేదు. పంచాయతీ గోడకి అంటించడానికి మైదాపిండి మేమే ఉడకబెట్టుకుంటాం.