గోఫు ఏ జాబితాలో ఉంది?

ఆంగ్లంలో చక్కగా వ్రాయాలంటే పదసంపద పెంచుకోవాలనీ, అందుకు రోజుకు పది మాటల చొప్పున కంఠస్థం చేయాలనీ పిల్లలకు నూరిపోస్తున్నాం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండవ సగం శుద్ధ తప్పు.

బెల్లంపల్లిలో ఇంటర్ చదివే పిల్లవాడొకడు తన తండ్రి వృత్తి గురించి ఆంగ్లంలో వ్యాసం వ్రాసి నాకు చూపించాడు. తండ్రి బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేసినవాడు. వ్యాసంలో ఆయన 'ప్రొజెనిటర్' అయ్యాడు, గని 'సబ్‌టెరేనియన్ అబిస్' అయింది, చెమట 'పర్‌స్పిరేషన్' అయింది. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. వాళ్ళ నాన్న మాత్రం నాకెక్కడా కనబడలేదు.

ఆ తండ్రినే కూర్చోబెట్టి అడిగాను. బడి ముఖం అంతగా చూడని మనిషి. టబ్బు, హాలేజి, ప్రాపు, డిప్పు, రైజు, గోఫు అంటూ చెప్పుకుపోయాడు. ఇవన్నీ ఆంగ్లపదాలే కదా! బొగ్గుపొర వాలిన దిక్కు డిప్పు, దానికి ఎదురు దిక్కు రైజు. బొగ్గు తీసేశాక వెనుక మిగిలే ఖాళీ గోఫు. "గోఫు దిక్కు పోవద్దంటరు సార్, కప్పు ఎప్పుడు కూలుతదో తెల్వది" అన్నాడాయన. కొడుకు వీటిని బాయి మాటలనుకున్నాడట, ఇంగ్లీషనుకోలేదు! గోఫుకు స్పెల్లింగు వ్రాసి చూపిస్తే తెల్లబోయాడు.

1936లో జార్జ్ ఆర్వెల్ ఉత్తర ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి దిగాడు. మరుసటి ఏడు వెలువడిన 'ది రోడ్ టు విగన్ పియర్'లో, తలపైకెత్తలేని దారిలో నడుము వంచి నడిస్తే మోకాళ్ళూ తొడలూ ఏమవుతాయో వ్రాశాడు. అందుకు ఆయనకు గంభీరపదాల అవసరం పడలేదు. మనవాడికి కావలసినవీ అలాంటి చిన్న మాటలే. నడుము వంచితే 'స్టూప్', మోకాళ్ళు ముడిచి కుంగితే 'క్రౌచ్', చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకితే 'క్రాల్'. మూడింటికీ తేడా తెలియాలంటే ముందు తండ్రి ఏ దారిలో ఎలా వంగాడో అడిగి తెలుసుకోవాలి. ఆ పని ఏ జాబితా చేసిపెడుతుంది?

పరీక్షల సంగతేమిటంటారా? అమెరికా చదువుల కోసం మన కుర్రాళ్ళు బారన్స్ వారి పదాల పట్టికలు బట్టీపట్టిన రోజులు నాకూ తెలుసు. జీఆర్‌ఈ వారే 2011 ఆగస్టులో వ్యతిరేకార్థాల ప్రశ్నలు తీసేసి, మాటను వాక్యంలో పెట్టి అడగడం మొదలుపెట్టారు. మనం ఇంకా పట్టికలు వదలలేదు. (నార్మన్ లూయిస్ 1949లో వ్రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' నా దగ్గరా ఉంది. ధాతువులు నేర్పుతుంది కనుక దాన్ని తప్పుపట్టను. అయితే అది మాటల పుట్టుక తెలుసుకోవడానికి, వ్యాసంలోకి ఎత్తిపోయడానికి కాదు.)

పిల్లవాడిప్పుడు వ్యాసం తిరగవ్రాస్తున్నాడు. మొన్న, బొగ్గెత్తే చెమ్మస్‌ను ఇంగ్లీషులో ఏమంటారని తండ్రిని అడిగాడట. "చెమ్మసే అంటరు" అన్నాడట ఆయన.